గెలీలియో

గెలీలియో 1564వ సంవత్సరమున ఇటలీ దేశమందలి పీసా పట్టణమున జన్మించెను. తండ్రి సంగీత విద్వాంసుడు. కుమారుడు వైద్యుడు కావలెనని ఆయన కోరెను. కాని గెలీలియో మనస్సు గణితశాస్త్రమునందే లగ్నమయ్యెను.

బరువైన వస్తువు తేలికైన దానికంటె వేగముగా పడునను అరిస్టాటిల్ మతమును పండితులు శతాబ్దములుగా నమ్ముచుండిరి. గెలీలియో దానిని పరీక్షింపక అంగీకరింపలేదు. వాలుగా నుంచిన పలకలోని నున్నని గాడివెంట కంచుగుండును దొర్లించి, ఆ లోపల పాత్రనుండి సన్నధారగా కారిన నీటిని తూచి, కాలమును లెక్కించెను. కాలము రెండింతలైన దూరము నాలుగింతలు, మూడింతలైన తొమ్మిదింతలు అగుచుండెను. గాలి యడ్డము లేనిచో, బరువెంతయైనను, వస్తువులన్నియు ఒకే రీతిగా పడునని ఆయన తేల్చెను.

భూమి సూర్యుని చుట్టు తిరుగునను వాదమును సమర్థించినందున 1633లో రోమునందలి మతన్యాయస్థానము ఆయనకు శిక్ష విధించెను. గృహనిర్బంధములో, వార్ధక్యములో, చూపు తగ్గుచున్నను, ఆయన చలనమును గూర్చిన గ్రంథమును ముగించెను. అది 1638లో హాలెండు దేశమున అచ్చుపడునాటికి ఆయన అంధుడయ్యెను. 1642లో పరలోకగతుడయ్యెను.

విద్యార్థులారా! ఆ గుండును నూరుమార్లు దొర్లించి చూచినట్లు ఆయన ఆ గ్రంథమున వ్రాసియున్నాడు. ప్రయోగశాలలో కొలత తప్పినప్పుడు విసుగు చెందకుడు; మరల కొలువుడు.