కారణం వెతికిన పరిశోధకుడు డా. యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధి బలితీసుకుంది. మద్రాసులో వైద్యం చదివి, 1920లలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఖర్చుల కోసం రాత్రిపూట ఆసుపత్రిలో చిన్న చిన్న పనులు చేశారు.

అక్కడ సైరస్ ఫిస్క్ దగ్గర ఆయన మొదట నేర్చింది సరిగ్గా కొలవడం. ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. అదే పద్ధతిని కండరంపై ప్రయోగిస్తే రంగు ఆలస్యంగా చిక్కబడింది. పొరపాటులే అని వదిలేయకుండా కారణం వెతికారు. కండరంలో దాగిన ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. 1929లో ఏటీపీపై వారి పరిశోధన వెలువడింది. 1930లో సుబ్బారావుకు పి.హెచ్.డి. లభించింది.

గురువు చూపిన పనితో మొదలై, సొంత ప్రశ్నను సొంతంగా తేల్చుకునే స్థాయికి చేర్చేదే పి.హెచ్.డి. ఆ శిక్షణతోనే ఆయన 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, ఎందరో శాస్త్రవేత్తలను నడిపించారు. సోదరులను తీసుకుపోయిన స్ప్రూకు మందుగా పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్నీ, బోదకాలు మందు డైఇథైల్ కార్బమజైన్‌నూ ఆ బృందం అందించింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

మిత్రులారా! కాకతీయ విశ్వవిద్యాలయం, నిట్ మన వరంగల్‌లోనే ఉన్నాయి. పరీక్ష తప్పినంత మాత్రాన దారి మూసుకుపోదు. ల్యాబ్‌లో లెక్క తేడా వస్తే కొట్టివేయకండి, ఎందుకని అడగండి. పరిశోధన అక్కడే మొదలవుతుంది.