పిట్టల కోసం దీవిని కొన్న యుద్ధఖైదీ

చలికాలంలో మన చెరువుల అంచుల్లో, నీరు నిలిచిన వరి మళ్లలో ముఖానికి పసుపు పూసినట్టుండే చిన్న పిట్ట ఒకటి తోక పైకీ కిందికీ ఆడిస్తూ పురుగుల్ని ఏరుకుంటుంది. రష్యా, మధ్య ఆసియా ప్రాంతాల్లో పిల్లల్ని లేపి, అక్కడ మంచు పడే వేళకు మన దేశానికి వలస వచ్చే పక్షి ఇది. సిట్రిన్ వాగ్‌టెయిల్ అని దీని ఇంగ్లీషు పేరు. మడి దున్నుకునే రైతు దీన్ని ప్రత్యేకంగా చూడడు. చూడవలసిన అవసరమూ లేదు.

అయితే 1954లో ఇదే జాతి పిట్ట దారి తప్పి, దక్షిణానికి రావలసింది పడమరకు పోయి, స్కాట్లండుకు ఉత్తరాన సముద్రం నడుమ ఉన్న ఫెయిర్ ఐల్ అనే దీవిలో వాలింది. బ్రిటన్‌లో ఆ జాతి పిట్టను గుర్తించి నమోదు చేయడం అదే మొదటిసారి. పుస్తకం, బైనాక్యులర్ పట్టుకుని ఏడాది పొడవునా చూసే మనుషులు అక్కడ ఉండబట్టే అది లెక్కలోకి వచ్చింది. వారిని అక్కడ ఉండేలా చేసినవాడు జార్జి వాటర్‌స్టన్.

ఆయన 1911 ఏప్రిల్ 10న ఎడింబరో నగరంలో పుట్టారు. కాగితాలు, స్టేషనరీ సరుకుల వ్యాపారం ఆ కుటుంబానిది. చదువయ్యాక ఆయనా అందులోనే చేరారు. మనసు మాత్రం పక్షుల మీద. 1934లో మిత్రులతో కలిసి మే దీవిలో వలస పక్షుల పరిశీలన కేంద్రం పెట్టారు. మరుసటి ఏడాది మొదటిసారి ఫెయిర్ ఐల్‌లో అడుగుపెట్టారు. 1936లో స్కాట్లండు పక్షి పరిశీలకుల క్లబ్బును స్థాపించినవారిలోనూ ఆయన ఉన్నారు.

ఫెయిర్ ఐల్ పొడవు 5 కిలోమీటర్లు, వెడల్పు అందులో సగం. ఆర్క్నీ, షెట్లండు దీవుల మధ్య ఒంటరిగా ఉంటుంది. చుట్టూ నిట్టనిలువు కొండ చరియలు. చెట్లు దాదాపు లేవు. గొర్రెలు, చిన్న కమతాలు, చేపల వేట, రంగురంగుల నమూనాలతో అల్లే ఉన్ని స్వెట్టర్లు అక్కడి జనానికి జీవనాధారం. స్వెట్టర్ల వల్లనే ఆ దీవి పేరు బయటి ప్రపంచానికి తెలిసింది.

పక్షులు అక్కడే ఎందుకు దిగుతాయంటే కారణం సులభమే. నార్వే వైపు నుంచి చిన్న పిట్టలు రాత్రిపూట గుంపులుగా దక్షిణానికి బయల్దేరుతాయి. తూర్పు గాలి లేచి వాన, మంచు కమ్మితే దారి చెదిరి సముద్రం మీదికి కొట్టుకుపోతాయి. తెల్లవారేసరికి కనిపించిన నేల మీద వాలతాయి. ఆ నేల ఈ దీవి. సైబీరియా నుంచి మన వైపు రావలసినవి కొన్ని ఎదురు దిక్కున వెళ్లి అక్కడ తేలతాయి.

ఈ సంగతిని 1905 నుంచి అక్కడికి వెళ్లి లోకానికి చాటినవాడు ఈగిల్ క్లార్క్ అనే శాస్త్రజ్ఞుడు. అప్పట్లో పద్ధతి వేరు. వింత పిట్ట కనిపిస్తే తుపాకీతో కొట్టి, చర్మం ఒలిచి మ్యూజియానికి పంపితే తప్ప ఎవరూ నమ్మేవారు కారు. వేల మైళ్లు గాలికి ఎదురీది ప్రాణం దక్కించుకున్న పిట్టకు చివరికి ఆ మర్యాద జరిగేది!

వాటర్‌స్టన్ ఆలోచన ఇక్కడే మారింది. అక్కడ శాశ్వత కేంద్రం కావాలి, పిట్టను పట్టుకుని చూసి ప్రాణంతో వదలాలి. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరిన ఆయన 1941లో క్రీటు దీవిలో జర్మన్లకు చిక్కారు. మూత్రపిండాల జబ్బు పట్టుకుంది. జర్మనీలోని ఖైదీల శిబిరంలో ఆయనకు తనలాంటి పిచ్చివాళ్లే దొరికారు. జాన్ బక్స్‌టన్, పీటర్ కాండర్ అనే ఖైదీలు ముళ్లకంచెల మధ్య నిలబడి పక్షుల రాకపోకలు రాసుకునేవారు. ఇయన్ పిట్‌మన్ అనే తోటి ఖైదీతో కూర్చుని వాటర్‌స్టన్ ఫెయిర్ ఐల్ కేంద్రానికి పథకం గీశారు. ప్రాణాలతో ఇంటికి చేరడమే నమ్మకం లేని మనిషి, తనది కాని దీవిలో కట్టడాలకు ప్లాను వేయడం విడ్డూరమే.

జబ్బు కారణంగా 1943లో ఆయనను విడిచిపెట్టారు. స్వీడన్ మీదుగా ఓడలో తిరిగి వస్తుంటే స్వదేశంలో మొట్టమొదట కంటపడిన నేల ఫెయిర్ ఐల్.

యుద్ధం ముగిశాక ఆ దీవిని ఆయన కొనేశారు. యుద్ధకాలంలో నౌకాదళం వదిలి వెళ్లిన గుడిసెల్లో 1948లో పరిశీలన కేంద్రం తెరిచారు. దాని బాధ్యత కెనెత్ విలియంసన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడికి అప్పగించారు. రాతి గోడల వెంట తీగవలతో గరాటులాంటి బోనులు కట్టారు. వెడల్పు మూతిలోంచి దూరిన పిట్ట చివరనున్న పెట్టెలోకి చేరుతుంది. తూచి, రెక్క కొలిచి, కాలికి నంబరున్న తేలిక ఉంగరం తొడిగి వదిలేస్తారు. ఆ పిట్ట మరో దేశంలో దొరికితే నంబరును బట్టి దాని ప్రయాణం తెలుస్తుంది. తుపాకీ పని అక్కడితో తీరింది.

ఆయన కొన్నది పక్షుల్ని మాత్రమే కాదు, మనుషులున్న ఊరిని కూడా. ఒకప్పుడు 400 దాకా ఉన్న జనం 1950ల నాటికి వందకు లోపు పడిపోయారు. పడవ నడపడానికి వయసులో ఉన్నవాళ్లు చాలకపోతే ఊరే ఉండదు. పడమటి సముద్రంలోని సెంట్ కిల్డా దీవిని జనం 1930లో ఇలాగే ఖాళీ చేసిపోయారు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదని గ్రహించి వాటర్‌స్టన్ 1954లో దీవిని స్కాట్లండు నేషనల్ ట్రస్టుకు అప్పగించారు. తన పేరు మీది దీవిని వదులుకోవడం కొనడం కంటే పెద్ద పని అని ఈ విలేకరి అభిప్రాయం. ఇళ్ల మరమ్మతులకు ట్రస్టు పూనుకుంది. పిట్టల కోసం వచ్చే అతిథుల వల్ల దీవికి నాలుగు డబ్బులూ వచ్చాయి. ఫెయిర్ ఐల్‌లో ఇప్పటికీ మనుషులున్నారు.

తర్వాత ఆయన రాయల్ పక్షి సంరక్షణ సంఘంలో పనిచేశారు. గార్టెన్ సరస్సు దగ్గర చేపలు పట్టే ఆస్ప్రే గద్దలు చాలా కాలానికి గూడు పెడితే, 1958లో ఒక దొంగ రాత్రివేళ చెట్టెక్కాడు. గద్ద గుడ్లు పగిలిపోయాయి. వాటి బదులు బూటు పాలిష్ పూసిన కోడిగుడ్లు గూట్లో కనిపించాయి. మరుసటి ఏడాది గూటిని రహస్యంగా దాచడానికి బదులు, వాటర్‌స్టన్ జనాన్నే చూడటానికి పిలిచారు. 14 వేల మంది వచ్చారు. ఆ ఏడు మూడు పిల్లలు ఎగిరిపోయాయి.

మూత్రపిండాల జబ్బు మాత్రం ఆయనను వదల్లేదు. 1980 సెప్టెంబరు 20న, 69వ ఏట కన్నుమూశారు. ఫెయిర్ ఐల్‌లో తూర్పు గాలి కోసం ఎదురుచూసే నెల అది.

2019 మార్చిలో అగ్నిప్రమాదంలో కేంద్రం భవనం పూర్తిగా కాలిపోయింది. అదే చోట కొత్తది కట్టారు.