బొమ్మకు హక్కు తెచ్చిన హోగార్త్

శిష్యుడు మరొకరి బొమ్మను చూచి గీయడం దొంగతనమా? చిత్రలేఖనం నేర్పే ప్రతి బడిలోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న తలయెత్తక మానదు. ఆంగ్ల చిత్రకారుడు విలియం హోగార్త్ బడిని, చట్టాన్ని కూడా ఒకే ఏట నెలకొల్పినవాడు.

1697లో లండన్ నగరంలో ఆతడు జన్మించాడు. తండ్రి లాటిన్ పండితుడు; బడిపంతులు. లాటిన్‌లోనే మాట్లాడవలెనన్న నియమంతో కాఫీ హోటలు పెట్టి, అప్పులపాలై, ఫ్లీట్ చెరసాలలో కొన్నేళ్లు మగ్గినాడు. పుస్తక వర్తకుల చేతిలో తండ్రి పడిన అగచాట్లను కుమారుడు మరువలేదు.

వెండి సామానులపై నగిషీ చెక్కే పనివాని వద్ద శిష్యరికం చేసి, హోగార్త్ రాగిరేకులపై బొమ్మలు చెక్కి అచ్చువేసి అమ్మసాగాడు. 1724లో సొంతంగా వెలువరించిన తొలి బొమ్మకే దొంగ నకళ్లు సగం ధరకు అంగళ్లలో వెలిశాయి. 1732లో నగరానికి వచ్చి చెడిన పల్లెపడుచు కథను ఆరు బొమ్మలలో చెప్పగా వేయిమందికి పైగా చందాదారులు చేరారు. నకళ్ల వర్తకులూ అంత వేగంగానే చేరారు. తరువాత ఒక విలాసపురుషుని పతనాన్ని ఎనిమిది చిత్రాలుగా రచించినపుడు, చూచే నెపంతో చిత్రశాలకు వచ్చినవారు చూచినదంతా మనసున ఉంచుకొనిపోయి, అసలువి వెలువడక మునుపే నకళ్లు దింపించారు!

హోగార్త్ తోడి కళాకారులతో కలిసి పార్లమెంటుకు అర్జీ పెట్టుకొన్నాడు. చట్టం వచ్చింది. బొమ్మను కల్పించి చెక్కినవానికి 14 ఏళ్ల హక్కు; రేకుపై సొంతదారు పేరు, ప్రకటించిన తేదీ ఉండవలెను. అది అమలులోకి వచ్చిన 1735 జూన్ 25 దాకా ఆతడు తన ఎనిమిది బొమ్మలను బిగబట్టి ఉంచాడు. పిమ్మట చౌక నకళ్లను తానే చేయించి అమ్మించాడు. లోకజ్ఞుడు మరి!

మామగారైన సర్ జేమ్స్ థార్న్‌హిల్ 1734లో మరణించగా, ఆయన కళాశాల సామగ్రితో సెయింట్ మార్టిన్స్ లేన్‌లో హోగార్త్ బడి ఏర్పరచినదీ 1735లోనే. అక్కడ అందరిదీ సమానమైన చందా, సమానమైన ఓటు. సజీవమైన మనిషిని ఎదుట నిలిపి గీయడమే పాఠం. పూర్వుల చిత్రాలకు నకళ్లు దింపుతూ కూర్చుంటే కన్ను ఎదగదని ఆతని విశ్వాసం. వీధిలో చూచినదాన్ని మనసున నిలుపుకొని ఇంటికి వచ్చి గీయడం ఆతని సాధన. చిత్రశాలకు వచ్చిన దొంగలు ప్రయోగించినదీ ఆ విద్యయే! కాని వారు చూచినది పరుని చిత్రం. ఆతడు చూచినది జీవితం. చట్టం శిక్షించినది నకలు దింపి అమ్మేవానిని. నేర్చుకొనుటకై గీసే విద్యార్థి జోలికి పోలేదు.

1764లో హోగార్త్ కన్నుమూశాడు. 1767లో పార్లమెంటు హక్కు గడువును 28 ఏళ్లకు పెంచి, ఆతని భార్య జేన్‌కు ఆ బొమ్మలపై 20 ఏళ్ల ప్రత్యేక హక్కు ఇచ్చింది. భర్త చెక్కిన రేకుల నుండి అచ్చులు తీయించి అమ్ముకొంటూ ఆమె కాలం గడిపింది. ఆ గడువు 1787లో తీరిపోయింది. ఆమె మరి రెండేళ్లు బ్రతికింది.