హెర్బర్టు స్టాడర్డుగారి జీవితము

ఒక పక్షిజాతి క్షీణించుచున్నదని వేటకాండ్రే విచారపడి, కారణము కనుగొనుటకై తమ ధనమును వెచ్చించుట అరుదు. అట్టి కార్యము అమెరికా దేశమున 1924వ సంవత్సరమున ఆరంభమయ్యెను. దానిని నెరవేర్చిన హెర్బర్టు స్టాడర్డుగారి చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపగోరుచున్నాము.

వీరు 1889లో ఇల్లినాయి రాష్ట్రమందలి రాక్‌ఫర్డు పట్టణమున జన్మించిరి. వీరి బాల్యమున కుటుంబము ఫ్లారిడాకు తరలిపోయి, కొన్నియేండ్లు అచ్చట నివసించెను. అచ్చటి పైను చెట్ల అడవులలో పశువుల కాపరులు ఎండుగడ్డికి నిప్పుపెట్టి లేతపచ్చికను మొలిపించుకొనుట వీరు చిన్ననాడే చూచిరి. బడిచదువు కొద్దిపాటిదే. చచ్చిన పక్షుల చర్మములలో దూది మొదలగునవి కూరి ప్రాణమున్నట్లు నిలుపు విద్యను నేర్చి, మిల్వాకీ, చికాగో నగరముల మ్యూజియములలో పనిచేసిరి.

జార్జియాలోని థామస్‌విల్ పట్టణమునకును ఫ్లారిడాలోని టలహాసీ నగరమునకును నడుమ ధనికుల వేట ఎస్టేటులు పెక్కు కలవు. అచ్చట వేటాడు పక్షి మన పూరేడుపిట్టను పోలినది. దాని కూతనుబట్టియే దానికి బాబ్‌వైట్ అని పేరు వచ్చెను. ఆ పిట్టలు తగ్గిపోవుచుండగా ఎస్టేటుదారులు ధనమిచ్చిరి. ప్రభుత్వ జీవపరిశోధన శాఖవారు స్టాడర్డుగారిని పంపిరి. వీరు గూళ్లను వెదకి, గ్రుడ్లను లెక్కించి, పిట్టల కాళ్లకు గుర్తులు తొడిగి, వాటి మేతను పరీక్షించుచు యేండ్ల తరబడి శ్రమించిరి.

పూరేళ్లకు శత్రువులని జనులు గద్దలను కాల్చుచుండిరి. స్టాడర్డుగారు చిత్తడినేలల గద్దలు కక్కిన ఉండలను విప్పి చూడగా, పూరేడు ఎముకలు మిక్కిలి అరుదుగాను, ఎలుకల వెండ్రుకలు విస్తారముగాను కనబడెను. ఆ ఎలుకలు పూరేళ్ల గ్రుడ్లను తినునవి. కావున ఆ గద్దను చంపువారు పూరేడునకు మేలుచేయుటలేదని తేలెను.

అంతకంటె కఠినమైన సంగతి నిప్పునుగూర్చినది. నిప్పు అడవికి కేవలము శత్రువేయని ఆనాటి అటవీశాఖవారు బోధించుచుండిరి. కాని నిప్పు మానిపిన చోట్ల గడ్డియు పొదలును దట్టమై, పిల్లలు నడచుటకును పురుగులను ఏరుకొనుటకును వీలులేకపోవుట వీరు కనుగొనిరి. గూళ్లు కట్టకముందు, చలికాలము చివర, కొంత విడిచి కొంత కాల్చిన నేలయందు మేతమొక్కలు బాగుగా మొలచుచుండెను. పై అధికారుల ఆక్షేపణలవలన ఆ అధ్యాయమును పలుమారులు తిరిగి వ్రాయవలసివచ్చెను. అయినను తాము చూచిన సత్యమును విడువక, 1931లో గ్రంథమును వెలువరించిరి.

1958లో టలహాసీకి సమీపమున టాల్ టింబర్సు అను పరిశోధనాలయము నెలకొనెను. దాని స్థాపకులలో వీరొకరు. 1962లో ఆ సంస్థ నిప్పునుగూర్చిన విద్వత్సభను జరిపెను. వీరు 1970లో మరణించిరి. నేడు ఆ దేశపు అటవీశాఖవారే మేరయెరిగి అడవులను కాల్చుచున్నారు.

విద్యార్థులారా, పెద్ద పదవిగాని పట్టముగాని లేనివాడు చెప్పినంతమాత్రమున మాట అబద్ధము కాదు. అతడు యెంతకాలము, యెంత జాగ్రత్తగా చూచెనో విచారింపుడు. మీరును మీ పొలముగట్లయందు చూచిన దానిని చూచినట్లే వ్రాసికొనుడని కోరుచున్నాము.