సర్ ఆర్థర్ కాటన్: ప్రజాధనపు లెక్క

గోదావరి తీరమున సర్ ఆర్థర్ కాటన్ నామమును కృతజ్ఞతతో స్మరింపని గ్రామము అరుదు. ఆ కృతజ్ఞత సముచితమే. అయినను ఆ మహాశయుని జీవితమున ఆనకట్టతోపాటు ప్రజాధన వ్యయమును గూర్చిన పాఠ మొకటి కలదు. దానినే యిచట జ్ఞాపకము చేయ గోరుచున్నాము.

కాటన్ 1803 వ సంవత్సరము మే 15 వ తేదీన ఇంగ్లండులో జన్మించి, 1821 లో చెన్నపట్టణము చేరి ఇంజనీరుగా పనిచేసెను. 1836 లో కొల్లడమునకు ఆనకట్టలు కట్టి తంజావూరు సీమను కాపాడెను. నందన కరవుచే క్షీణించిన రాజమహేంద్రవర మండలమునకై ధవళేశ్వరము ఆనకట్టను 1847 లో ప్రారంభించెను. అది 1852 లో పూర్తియయ్యెను. కాలువలు పొలములకు నీటిని, పడవలకు త్రోవను గూడ నిచ్చెను. ధాన్యము స్వల్పవ్యయముతో సంతలకు చేరెను. సర్కారువారి శిస్తును పెరిగెను.

ఆ కాలముననే రైలుమార్గములు వచ్చెను. 1849 నాటి ఒడంబడికలచే ప్రభుత్వము కంపెనీల మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీకి పూచీపడి, భూమిని ఉచితముగా నిచ్చెను. రాబడి చాలనిచో లోటును భారత ఖజానా పూరింపవలెను. నష్టము తనది కానివానికి పొదుపుతో పనియేమి? వ్యయము అంచనాలను మించెను. 1900 ప్రాంతమువరకు మొత్తముమీద ఖజానాకు మిగిలినది నష్టమే. రైలు నెన్నడును ఎక్కని రైతుకూడ ఆ భారమును మోసెను. ఈ వ్యయమును కాటన్ తీవ్రముగా విమర్శించి, జలమార్గములే చౌక యని వాదించెను.

ఇక లెక్కలో రెండవ పుటను తిప్పుట మా విధి. ఆయన సూచనల ననుసరించి వెలసిన మద్రాసు ఇరిగేషను కంపెనీకిని 10 లక్షల పౌనులపై అదే 5 వంతుల పూచీ లభించెను. ఆ కంపెనీ త్రవ్విన కర్నూలు కడప కాలువకు ఆ ధనము చాలక, 1866 లో ప్రభుత్వము అప్పు నీయవలసివచ్చెను. నల్లరేగడిలో జొన్న పండించు రైతులు సామాన్య సంవత్సరములలో ఆ నీటిని కోరలేదు. క్షామమున మాత్రము అది అక్కరకు వచ్చెను. 1878 లో 75 ఏండ్ల కాటన్ పార్లమెంటు విచారణసంఘము నెదుట జలమార్గములకై వాదించునప్పటికే ఆ కాలువ వైఫల్యము ప్రత్యక్షముగా నుండెను. 1882 లో ప్రభుత్వమే దానిని కొనెను. కాటన్ 1899 లో పరమపదించెను.

రైలు చెడ్డది, కాలువ మంచిది యని మేము చెప్పుట లేదు. గోదావరిపై లాభనష్టములు సర్కారువే గనుక జాగ్రత్త కలిగెను. కర్నూలులో లాభము వాటాదార్లకు, నష్టము ప్రజలకు వచ్చెను. నేడును ప్రభుత్వములు బస్సులకు, రైళ్లకు ధనసహాయము చేయుచున్నవి. పేదల ప్రయాణమునకై యిచ్చుట తప్పు గాదు. ఎంత యిచ్చిరో, ఎవరికి చేరెనో, నష్టమునకు ఎవరు బాధ్యులో ఏటేట ప్రజల యెదుట పెట్టకుండుటయే తప్పు. ఎంత గొప్పవాడు కోరినను ఆ లెక్క అడిగి తీరవలెను.