వద్దనుకున్న మగ్గమే దారి చూపింది

డిజైన్‌లో పీజీ చేసేవాళ్లని చివరి ఏడాది ఒక ప్రశ్న నిద్రపోనివ్వదు. ప్రాజెక్ట్‌కి టాపిక్ ఏంటన్నది కాదు, అసలు నాకంటూ ఒక ముద్ర ఉందా అన్నది. పక్కవాళ్ల పోర్ట్‌ఫోలియోలు చూస్తే ఆ గుబులు ఇంకా పెరుగుతుంది. అలాంటివాళ్లు ఆనీ ఆల్బర్స్ గురించి ఒకసారి తెలుసుకోవాలి. 20వ శతాబ్దంలో నేతను కళగా నిలబెట్టినవాళ్లలో ముందు వరసలో వినిపించే పేరు ఆమెది. విచిత్రమేంటంటే, మొదట్లో ఆమెకి నేత అంటే అస్సలు గిట్టేది కాదు.

1899లో బెర్లిన్‌లో కలిగిన యూదు కుటుంబంలో పుట్టింది. అసలు పేరు అనెలీసె ఫ్లైష్‌మన్. చిన్నప్పటి నుంచీ చిత్రకారిణి కావాలనే కోరిక. తను గీసిన అమ్మ బొమ్మ పట్టుకుని ఆస్కార్ కొకోష్కా అనే పేరున్న చిత్రకారుడి దగ్గరికి వెళితే, అసలెందుకు వేస్తున్నావని అడిగాడట. దాంతో మనసు విరిగింది. హాంబర్గ్‌లో కొన్నాళ్లు చదివినా నచ్చలేదు. 1922లో వైమార్ నగరంలోని బౌహౌస్‌లో చేరింది. అప్పటికి ఆ డిజైన్ స్కూల్ మొదలై మూడేళ్లే. అక్కడా తొలి ప్రయత్నంలో సీటు రాలేదు.

బౌహౌస్‌లో ఆడవాళ్లకీ మగవాళ్లకీ సమాన అవకాశాలని పైకి చెప్పేవారు. ఆచరణలో మాత్రం అమ్మాయిల్లో ఎక్కువమందిని నేత వర్క్‌షాప్‌కే పంపేవారు. ఆనీ గాజు పని నేర్చుకుందామనుకుంది, కుదరలేదు. దారాలతో పని అంటే ఆమెకి చాలా చప్పగా అనిపించింది. అయినా వేరే దారి లేక మగ్గం ముందు కూర్చుంది. ఇదేమీ స్ఫూర్తిదాయకమైన ఆరంభం కాదు. ఈ రోజుల్లో కోరుకున్న బ్రాంచ్ దొరక్క, దొరికినదాంట్లో చేరేవాళ్ల పరిస్థితే.

కూర్చున్నాక మెల్లగా మగ్గంలో పట్టు చిక్కింది. పడుగు నిలువుగా, పేక అడ్డంగా... అంతకు మించి ఏమీ లేదు. చిత్రకారుడికి ఖాళీ కాన్వాస్ మీద ఏదైనా చేసుకునే స్వేచ్ఛ ఉంటుంది. నేతలో ఆ వీలు లేదు, ప్రతి అడుగులోనూ దారం తన లెక్క తను చెబుతుంది. ఆ కట్టుబాటే ఆమెకి ఊతమైంది. పాల్ క్లే పాఠాలు అందుకు తోడయ్యాయి. 1925లో తోటి కళాకారుడు యోసెఫ్ ఆల్బర్స్‌ను పెళ్లి చేసుకుంది. తర్వాత స్కూల్‌తో పాటు డెస్సౌ వెళ్లి, చారలతో, చతురస్రాలతో గోడకు వేలాడదీసే వస్త్రాలు నేసింది. అవి బాగున్నాయి. కానీ అసలు మలుపు వాటితో రాలేదు, డిప్లొమా ప్రాజెక్ట్‌తో వచ్చింది.

అప్పట్లో బౌహౌస్ డైరెక్టర్ హాన్నెస్ మేయర్. బెర్లిన్ దగ్గర బెర్నౌలో కార్మిక సంఘాల కోసం ఒక స్కూల్ కడుతున్నారు. దాని డిజైన్ ఆయనదే. అందులోని ఆడిటోరియంలో మాట ప్రతిధ్వనించే సమస్య ఉంది. శబ్దాన్ని పీల్చుకోవాలంటే గోడలకు వెల్వెట్ కట్టడం మామూలు పద్ధతి. అయితే చేతి మరకలు కనబడకుండా ముదురు రంగు వాడాలి. అలా వాడితే హాలంతా చీకటి.

ఆనీ ఈ చిక్కుముడినే ప్రాజెక్ట్‌గా తీసుకుంది. తన శైలి ఏంటని వెతుక్కుంటూ కూర్చోలేదు, ఈ గోడకి ఏం కావాలో చూసింది. ఒకే గుడ్డకి రెండు ముఖాలు పెట్టింది. వెనక వైపు శబ్దాన్ని మింగేసే మెత్తటి నూలు, ముందు వైపు వెలుగును తిప్పికొట్టే, తుడిస్తే శుభ్రమయ్యే సెల్లోఫేన్. మిఠాయిలు చుట్టే కాగితం లాంటి సరుకును మగ్గం మీదికి ఎక్కించాలన్న ఆలోచన అప్పటికి కొత్తే. కాంతి ఎంత తిరిగి వస్తోందో కెమెరాలు తయారుచేసే జైస్ ఐకాన్ సంస్థ పరీక్షించింది. ఆ పనికి 1930లో డిప్లొమా చేతికొచ్చింది. అప్పటికి ఆమెకి ముప్పై ఏళ్లు దాటాయి. 'లేటైపోయింది' అని ఇరవై నాలుగేళ్లకే బెంగపడేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవచ్చు.

ఆ గుడ్డ ఫలితం అక్కడితో ఆగలేదు. నాజీల ఒత్తిడితో 1933లో బౌహౌస్ మూతపడింది. యూదు మూలాలున్న ఆనీకి జర్మనీలో ఉండటమే ప్రమాదం. బెర్లిన్ వచ్చిన అమెరికన్ ఫిలిప్ జాన్సన్ ఆమె పనిని చూశాడు. ఆ దంపతులకి నార్త్ కరోలినాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీలో ఉద్యోగాలు రావడానికి ఆయనే కారణం. తనను అమెరికాకి చేర్చింది ఆ డిప్లొమా వస్త్రమేనని ఆమె తర్వాత చెప్పుకునేది.

అక్కడ విద్యార్థులకి నడుముకు కట్టుకుని నేసే పాతకాలపు మగ్గంతో పాఠం మొదలుపెట్టేది. ప్రాచీన పెరూ నేతగాళ్లనే తన గురువులుగా భావించేది. 1949లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆమె ఒక్కరి పనితోనే ప్రదర్శన పెట్టింది. వస్త్ర కళాకారులకి అక్కడ అలాంటి గౌరవం దక్కడం అదే మొదటిసారి. 1965లో నేత గురించి రాసిన పుస్తకం ఇప్పటికీ టెక్స్‌టైల్ డిజైన్ చదివేవాళ్లు తిరగేస్తుంటారు.

అరవైలు దాటాక ప్రింట్‌మేకింగ్ వైపు తిరిగింది. 1994లో కనెక్టికట్‌లో కన్నుమూసింది. చివరి దశాబ్దాల్లో వేసిన ఆ ప్రింట్లలో కొన్నింటిని చూస్తే, గీతలన్నీ దారాల్లాగే ఒకదాని కింద ఒకటి దూరి, మళ్లీ పైకి వస్తుంటాయి.