ఊపిరిని కాచిన వైద్యుడు – ఎడ్వర్డ్ లారీ

బత్తలపల్లె ఆసుపత్రిలో శస్త్రచికిత్సా మందిరపు వాకిట కూర్చున్న బంధువులకు కత్తి భయముకంటె మత్తు భయమే హెచ్చు. నిద్రించినవాడు మరల మేల్కొనునా? వేరుసెనగ విత్తి వానకై ఆకాశమువంక చూచు ఈ అనంతపుర సీమవారికి ఎదురుచూపు క్రొత్త గాదు. కాని ఆ గడియ వేఱు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు మన హైదరాబాదులో 16 ఏండ్లు గడపిన వైద్యుడు ఎడ్వర్డ్ లారీ.

ఆయన 1846లో జన్మించెను. మఱుసటి యేట ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. 1848 జనవరిలో ఇంగ్లండున హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనబోయి ఆ మత్తులోనే మరణించెను. అటుపై వైద్యులు రెండు పక్షములైరి. గుండెయే ముందాగునని తలచి లండనువారు నాడిని కాచిరి. ఎడింబరోలో సైమ్ శిష్యులు ఊపిరిని కాచిరి. లారీ ఆ సైమ్ శిష్యుడే.

1885లో రెసిడెన్సీ వైద్యుడుగా వచ్చి, హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతియై, ఆయన 1888లో తన మతమును నిరూపించుటకు ఒక పరిశోధక సంఘమును కూర్చెను. లండనులోని లాన్సెట్ పత్రిక దాని తీర్పును అంగీకరింపలేదు. అంతట నిజాము మహబూబ్ అలీఖాను వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక ప్రతినిధినే రప్పించెను. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చి, వందలకొలది జంతువులపై పరీక్షలు జరిపి, ఊపిరియే ముందాగునని ఒప్పుకొనెను. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా పేరొందిరి.

విజయము నిలువలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై పరీక్షించి, మత్తు చాలనప్పుడు సైతము క్లోరోఫారము గుండె గతి తప్పించి హఠాత్తుగా ఆపగలదని చూపెను. 1915లో లారీ కన్నుమూసెను. గుండెను విడిచి ఊపిరినే నమ్ముట ఆయన పొరపాటు. అది ప్రాణములతోడి పొరపాటు. కాని మత్తు లోతును రోగి దేహమునే అడిగి తెలిసికొనవలెనన్న పట్టుదల వృథా కాలేదు.

1980ల దశకమున పరిశోధకులు ఆ ప్రశ్నను మెదడునే అడుగజొచ్చిరి. చెవిలో టక్కుటక్కుమను ధ్వనులు వినిపించి, తలపై అంటించిన తీగలద్వారా మెదడు ప్రతిస్పందనను గ్రహించిరి. మొదటి 10 మిల్లీసెకండ్లలో వచ్చు అలలు మత్తునకు అంతగా చలింపవు. పిదప 100 మిల్లీసెకండ్లలోపల వచ్చునవి మాత్రము, పెక్కు మందుల విషయమున, మత్తు హెచ్చినకొలది సన్నగిల్లి ఆలస్యమగును. కండరములు సడలిన రోగి వ్రేలైనను కదల్పలేడు. యంత్రము ఊదు శ్వాస మత్తు లోతును చెప్పజాలదు. అట్టి వేళ లోన మెలకువ మిగిలెనేమో ఈ అలలు సూచింపగలవు.

అయినను ఇదియు ఒక సాక్షి మాత్రమే. నాడిని, ఊపిరిని, రక్తములోని ప్రాణవాయువును కలిపి కాచుటయే నేటి ధర్మము. ఒక్క సాక్షిని నమ్మి రెండవదానిని త్రోసిపుచ్చరాదని, వాకిట కూర్చున్న తల్లి పక్షమున లారీ జీవితము మనకు తెలుపుచున్నది.